నల్ల కెమెరా, వెండి కెమెరా: మనల్ని పట్టిస్తున్నది ఏది?

(ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్నవారి కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. బల్ల మీద రెండు కెమెరాలు పెట్టాను, అక్కడి నుంచి సరిగా కనబడవు. కనబడకపోవడమే కదా ఈ రోజు టాపిక్ అనకండి.

రెండూ ఒకే మోడల్, రెండింటికీ ఒకే లెన్స్. ఒకటి నలుపు, ఇంకోటి వెండి రంగు. లోపల సెన్సార్, షట్టర్, మెనూ అన్నీ ఒకటే, తేడా అంతా పైపూతలోనే. విచిత్రం ఏమిటంటే, లెన్సుల గురించి గంటలో తేల్చుకున్నవాళ్ళు కూడా ఈ రంగు దగ్గరికొచ్చేసరికి వారం రోజులు తర్జనభర్జన పడతారు. అప్పుడు పక్కనున్న పెద్దమనిషి ఒకాయన సలహా పారేస్తాడు: "జనం మధ్య ఫోటోలు తీస్తావు కదా, నలుపు తీసుకో, ఎవరి కంటా పడవు." ఈ మాట ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. సరే, దించండి, దాదాపు అందరూ విన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు వాదించొచ్చు. రంగుకి పని ఉంది. అద్దాల ముందు, చీకటి హాల్లో, నేరుగా ఎండ పడే చోట ఉంది. కానీ వీధిలో నలుగురి మధ్య మనల్ని పట్టిస్తున్నవి మన చేతులు, మన మొహం, మనం అక్కడ నిలబడ్డ తీరు. ఆ లెక్కలో రంగు చాలా వెనక వరుసలో ఉంటుంది.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1925లో జర్మనీలోని లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో లైకా కంపెనీ చిన్న కెమెరా మొదటిసారి జనం ముందుకొచ్చింది. ఆ కెమెరా నలుపే. అయితే ఆ నలుపు ఎవరి కంటా పడకూడదని వేసింది కాదు. అప్పట్లో కుట్టు మిషన్లూ నలుపే, టైపు మిషన్లూ నలుపే, లోహపు వస్తువంటే నల్ల ఎనామెల్ పూయడం మామూలు. 1930లలో క్రోమ్ పూత వచ్చింది. గీతలు తొందరగా పడవు, చేతి చెమటకి ఊడదు, పైగా కొత్త ఫ్యాషన్. దాంతో మంచి కెమెరా అంటే వెండి రంగు అయిపోయింది. 1954లో లైకా ఎం3 వచ్చినప్పుడు మామూలుగా దొరికింది క్రోమే. నలుపు కావాలన్న కొందరు పత్రికా ఫోటోగ్రాఫర్లు అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు నల్ల బాడీకి కాస్త ఎక్కువ ధర పెట్టాయి. ఎక్కువ ధర, తక్కువ మంది చేతుల్లో ఉండటం, ఆ కొద్దిమందీ యుద్ధాలకి వెళ్ళొచ్చినవాళ్ళు కావడం. ఈ మూడూ కలిసి నలుపుకి ఒక హోదా తెచ్చిపెట్టాయి. రంగు అరిగి అంచుల్లో ఇత్తడి బయటపడితే ఆ హోదా ఇంకా పెరిగేది. ఎంతగా అంటే, ఫ్యాక్టరీలోనే చేత్తో అరగదీసిన నల్ల కెమెరాని లైకా 2015లో ప్రత్యేక ఎడిషన్‌గా అమ్మింది. మనం అరగదీసే పని కూడా మిగల్చలేదు. (నవ్వులు)

తర్వాత కథ తిరగబడింది. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పైకప్పు వెండిలా కనబడేది కానీ అది ప్లాస్టిక్, పైన క్రోమ్ పూత. రెండేళ్ళకి వచ్చిన కానన్ ఏ-1 నలుపు ఒక్కదాంట్లోనే దొరికేది. 1980లలో ప్లాస్టిక్ బాడీలు రాజ్యమేలాక కెమెరా అంటే నలుపే. ఇక 2011లో ఫూజీ ఎక్స్100 లాంటివి పాత కెమెరాల పోలికతో వెండి రంగులో వచ్చేసరికి, జనం వాటిని చూసి "తాతగారి ఫిల్మ్ కెమెరానా?" అని ముచ్చటగా అడగడం మొదలుపెట్టారు. అంటే ఒకప్పుడు అందరి దగ్గరా ఉన్న రంగు ఇప్పుడు అరుదు, అరుదైన రంగు ఇప్పుడు అందరిదీ. నలుపు కంటపడదనే మాట మాత్రం 1950ల నుంచి ఉన్నచోటే ఉంది.

దీనికి పెద్దల సాక్ష్యం లేకపోలేదు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ తన లైకా మీద మెరిసే భాగాలకు నల్ల టేపు అంటించేవారు. ఇది ఫోటోగ్రాఫర్లందరికీ నోటికొచ్చిన కథ. అందరూ టేపు గురించే చెబుతారు, ఆయన పనిచేసిన వేగం గురించి ఎవరూ చెప్పరు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ సంగతి చూడండి, దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1938 నుంచి 1941 దాకా ఆయన న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో ఎదుటి సీట్లో కూర్చున్న ప్రయాణికుల ముఖాలు తీశారు. వాళ్ళెవరికీ తెలియకుండా. ఆయన దగ్గరున్నది 35 ఎంఎం ఫిల్మ్ వాడే కాంటాక్స్ కెమెరా. దాని మీద తళతళలాడే క్రోమ్ భాగాలకు నల్ల రంగు పూశారు. కెమెరాని కోటు లోపల ఛాతీ మీద వేలాడదీశారు. రెండు గుండీల మధ్య సందులోంచి లెన్స్ బయటికి చూస్తూ ఉంటుంది. షట్టర్‌కి ఒక కేబుల్ తగిలించి, దాన్ని కోటు చేతిలోంచి అరచేతి దాకా తెచ్చుకున్నారు. ఫ్లాష్ లేదు. వ్యూఫైండర్‌కి కన్ను ఆనించే ప్రసక్తే లేదు. కొన్నిసార్లు ఇంకో ఫోటోగ్రాఫర్ హెలెన్ లెవిట్ కూడా వెంట ఉండేవారు. చూసేవాళ్ళకి ఇద్దరు మనుషులు రైలెక్కి ఎక్కడికో వెళ్తున్నారు, అంతే.

ఇప్పుడు ఒక్కొక్కటే తీసేసి చూద్దాం. నల్ల రంగు తీసేయండి. గుండీల సందులో వెండి అంచు కాస్త మెరుస్తుంది, చూపు చురుగ్గా ఉన్నవాళ్ళు ఒకరిద్దరు కనిపెట్టొచ్చు. సరే, రంగు మళ్ళీ పూసేసి ఈసారి కోటు తీసేయండి. కెమెరాని కంటికి పెట్టుకోమనండి. మొదటి క్లిక్‌కే ఎదుటి సీటు మొత్తం తల తిప్పుతుంది. ఎవాన్స్‌ని కాపాడింది ప్రధానంగా కోటూ, కేబులూ. వాటికి తోడు ఆయన రైల్లో మామూలు ప్రయాణికుడిలా కూర్చోగలగడం. రంగు చివరి జాగ్రత్త. ఆ జాగ్రత్త అవసరమే, ఎందుకంటే చీకటి సందులో మెరిసే చుక్క ఉంటే కన్ను అక్కడికే పోతుంది. కానీ మనం చేస్తున్నదేమిటి? కోటు వదిలేసి, కేబుల్ వదిలేసి, రంగు మాత్రం పట్టుకున్నాం.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1916 ప్రాంతంలో పాల్ స్ట్రాండ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ న్యూయార్క్ వీధుల్లో మనుషుల ముఖాలు దగ్గరగా తీయాలనుకున్నారు. ఆయన కెమెరా పెద్దది, దాచడం కుదరదు. ఆయనేం చేశారంటే, కెమెరా పక్క వైపున ఒక ఉత్తుత్తి లెన్స్ బిగించారు. ఇత్తడిది, చక్కగా మెరిసేది. ఆ దొంగ లెన్స్ ఒకవైపు చూస్తుంటే, అసలు లెన్స్ దానికి అడ్డంగా ఇంకోవైపు చూస్తుంటుంది. జనం మెరిసేదాన్ని చూసి "ఆయన అటు తీస్తున్నాడు" అనుకునేవారు. మెరుపుని దాచకుండా, దాన్నే ఎర వేసి వాడుకున్నారు. ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటి దొరుకుతుంది. మనుషులు కెమెరా ఉందా లేదా అన్నదానికంటే, అది తమ వైపు తిరిగి ఉందా లేదా అన్నదే ఎక్కువ పట్టించుకుంటారు.

బాబూ, ఆ లైట్లు ఒకసారి తీసేయ్. టార్చ్ ఇటు వెయ్యి. ఇంకొంచెం పక్కకి. అందరూ బల్ల వైపు చూడండి. వెండి కెమెరా పైకప్పు మీద వెలుగు ఎలా పడిందో చూశారా? పైకప్పంతా మసకగా, తెల్లగా పరుచుకుంది. ఇప్పుడు నలుపు మీద వెయ్యి. ఇక్కడ చూడండి, ఈ అంచు దగ్గర, సూదిమొనంత చుక్క. ఎంత గట్టిగా మెరుస్తోందో. ఇది నున్నటి నల్ల పెయింట్. ఈ రెండింట్లో దూరం నుంచి ఏది ముందు కంట్లో పడుతుందో ఎవరికి వాళ్ళు చెప్పుకోండి. చాలు, లైట్లు వేసెయ్.

దీని వెనక ఉన్న లెక్క సులువే. క్రోమ్ లాంటి లోహం తన మీద పడ్డ వెలుతురులో సగానికి పైగా తిప్పికొడుతుంది. కానీ కెమెరాల మీద ఉండే క్రోమ్‌ని సాధారణంగా సన్నగా గరుకుగా చేస్తారు, అందుకని వెలుతురు నాలుగు వైపులా చెదిరిపోతుంది. నల్ల పెయింట్ లోపలికి వెళ్ళిన వెలుతురుని మింగేస్తుంది, నిజమే. కానీ పై పొర నున్నగా ఉంటే ఆ పొర మీదే 4 శాతం వరకూ అద్దం మీద నుంచి తిరిగొచ్చినట్టు తిరిగొస్తుంది. ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువ. నడి ఎండలో సూర్యుడి వెలుగులో 4 శాతమంటే తక్కువేం కాదు, కళ్ళు చికిలించాల్సిందే. కాబట్టి నలుపా, వెండా అన్నదాని కంటే నునుపా, గరుకా అన్న ప్రశ్న సరైనది. నిగనిగలాడే నలుపు కంటే గరుకు బూడిదరంగు తక్కువ కనబడే సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక బాడీకి ఏ రంగు వేసినా, ముందు లెన్స్ గాజు మాత్రం గాజే. వెలుతురు సూటిగా పడితే అదీ మెరుస్తుంది. దానికి మందు లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం. హుడ్ పెడితే లెన్స్ ఇంకా పొడుగ్గా, పెద్దగా కనబడుతుంది, అది వేరే బాధ.

కళ్ళ సంగతి చూద్దాం. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు కంటికి సుమారు 2 డిగ్రీలు. మన కంటిలో నిజంగా సూక్ష్మంగా చూడగలిగే భాగం దాదాపు అంతే. చూపు అంచుకి పోయేకొద్దీ రంగులు గుర్తుపట్టడం తగ్గిపోతుంది, కదలికని పట్టే గుణం మాత్రం గట్టిగానే ఉంటుంది. ఇప్పుడు 10 మీటర్ల దూరంలో మీరు నిలబడ్డారనుకుందాం. 13 సెంటీమీటర్ల వెడల్పున్న కెమెరా ఎదుటివాళ్ళ కంటికి ముప్పాతిక డిగ్రీ. మీరు మాత్రం నిలువునా దాదాపు 10 డిగ్రీలు. వాళ్ళకి ముందు కనబడేది మనిషి. ఆ మనిషి నడుస్తున్నాడా, ఆగాడా, తమ వైపు తిరిగాడా అన్నది. ముప్పాతిక డిగ్రీ వస్తువు ఏ రంగో తెలియాలంటే వాళ్ళు ముందు మీ వైపు సూటిగా చూడాలి. అలా చూశారంటే దొరికిపోయినట్టే కదా, ఇక రంగుతో పనేముంది?

ఇక్కడ మీ బట్టల రంగు కూడా లెక్కలోకి వస్తుంది. తెల్ల చొక్కా మీద నల్ల కెమెరా ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో అద్దంలో చూసుకోండి. బూడిదరంగు జాకెట్ మీద వెండి కెమెరా కలిసిపోతుంది. అంచు ఎక్కడ తెలుస్తుందంటే, వెనకున్నదానికీ ముందున్నదానికీ తేడా ఉన్న చోట. కెమెరా రంగు గురించి వారం ఆలోచించి, దాని వెనక ఉండబోయే చొక్కా గురించి క్షణం కూడా ఆలోచించకపోవడం నాకు వింతగా ఉంటుంది.

గొరిల్లా ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. 1999లో సైమన్స్, షాబ్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. తెల్ల చొక్కాల జట్టు, నల్ల చొక్కాల జట్టు బంతులు విసురుకుంటుంటాయి. ఒక జట్టు ఎన్నిసార్లు విసిరిందో లెక్కపెట్టమంటారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, గుండె బాదుకుని వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళలో సగం మంది దాకా గమనించలేదు. ఇంతవరకూ అందరూ చెబుతారు. అంతగా చెప్పుకోని ముక్క ఒకటుంది: నల్ల జట్టుని లెక్కపెట్టినవాళ్ళు గొరిల్లాని ఎక్కువగా గమనించారు. గొరిల్లా నలుపు కాబట్టి. తెల్ల జట్టు మీద దృష్టి పెట్టినవాళ్ళు నలుపుని వదిలేశారు. అంటే ఒక రంగు కంటపడుతుందా లేదా అన్నది చూసేవాళ్ళు దేని కోసం చూస్తున్నారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. తన ఫోన్‌లో తల దూర్చి నడుస్తున్న మనిషి మీ కెమెరా ఎర్రగా ఉన్నా చూడడు. గేటు దగ్గర కెమెరాలని ఆపడానికే నిలబెట్టిన సెక్యూరిటీ మనిషికి మీరు ఏ రంగు పూసుకొచ్చినా దొరుకుతారు. అతను వెతికేది లెన్స్ ఆకారం, మెడలో స్ట్రాప్.

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి వద్దాం. మనం ఫోటో తీసే తీరుని ఎదుటివాళ్ళ కళ్ళతో చూద్దాం. నడుస్తున్న మనిషి టక్కున ఆగుతాడు. అది మొదటి సంకేతం, గుంపులో అందరూ కదులుతుంటే ఒక్కడే ఆగడం. భుజం మీది బ్యాగ్ ముందుకి లాగుతాడు. జిప్ చప్పుడు. లెన్స్ మూత తీసి జేబులో వేసుకుంటాడు. రెండు మోచేతులూ పైకి లేస్తాయి. తర్వాత మొహం మాయమవుతుంది, దాని స్థానంలో ఒక గుండ్రటి గాజు వస్తుంది. ఒక కన్ను మూసుకుంటుంది. మనుషులకి ఎదుటివాళ్ళ చూపు ఎటుందో పట్టేయడం పుట్టుకతో వచ్చిన విద్య, అలాంటిది కళ్ళున్న చోట కళ్ళు కనబడకుండా పోతే గమనించకుండా ఎలా ఉంటారు? అంతటితో ఆగుతాడా? జూమ్ తిప్పుతాడు. ఫోకస్ కుదరగానే కెమెరా "పీప్" అంటుంది. ముందు వైపు చిన్న దీపం వెలుగుతుంది. ఒకటి చాలదని అయిదారు టకటకా కొడతాడు. ఆ తర్వాత, అన్నిటికంటే ఘోరం, కెమెరా దించి స్క్రీన్ వైపు చూసి నవ్వుకుంటాడు. రాత్రిపూట అయితే ఆ స్క్రీన్ వెలుతురు మొహమంతా పడుతుంది. ఇంత బందోబస్తుగా అందరికీ తెలియజేసి, చివర్లో "అయ్యో, నలుపు తీసుకోవాల్సింది" అంటాడు. (నవ్వులు)

నవ్వండి కానీ, ఇందులో సగం మెనూలోకి వెళ్ళి ఇప్పుడే ఆపేయొచ్చు. పీప్ ఆపండి. ఫోకస్ సాయం కోసం వెలిగే దీపం ఆపండి. ఫోటో తీయగానే స్క్రీన్ మీద చూపించేది ఆపండి, రాత్రి అయితే స్క్రీన్‌నే మడిచేయండి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే చప్పుడు ఉండదు, కాకపోతే ట్యూబ్‌లైట్ల కింద చారలు పడొచ్చు, వేగంగా కదిలేవి వంకరపోవచ్చు, చూసుకోండి. కెమెరా ఫోన్ల తొలి రోజుల నుంచీ జపాన్‌లో అమ్మే ఫోన్లలో షట్టర్ శబ్దాన్ని ఆపడానికి వీల్లేకుండా పెట్టారు. దొంగచాటు ఫోటోలని అరికట్టాలనుకున్నప్పుడు వాళ్ళు ఎంచుకున్నది శబ్దం. ఫోన్లన్నీ పసుపుపచ్చగా ఉండాలని ఎవరూ అనలేదు.

మిగతా సగం ఒంటికి సంబంధించినది, అది సాధనతో రావాలి. కెమెరా బ్యాగులో కాదు, చేతిలో ఉండాలి. మొదటి నుంచీ చేతిలోనే ఉంటే జనం దానికి అలవాటు పడతారు. ఎక్స్‌పోజర్, అంటే లోపలికి ఎంత వెలుతురు రావాలన్నది, ముందే పెట్టుకోండి, ఎక్కువ వెడల్పు పట్టే వైడ్ లెన్స్ అయితే ఫోకస్ కూడా రెండున్నర, మూడు మీటర్ల దగ్గర పెట్టేయొచ్చు. అప్పుడు కెమెరా కంటి దగ్గర ఉండేది ఒక్క సెకను. ఫోటో అయ్యాక వెంటనే దించకుండా, వాళ్ళ వెనక ఏదో చూస్తున్నట్టు ఇంకాసేపు అలాగే ఉంటే, తమని దాటి చూస్తున్నాడని అనుకుంటారు. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే పద్ధతి కూడా మంచిదే. అమెరికన్ వీధి ఫోటోగ్రాఫర్ వివియన్ మేయర్ వాడిన రోలీఫ్లెక్స్ కెమెరా అలాంటిదే. ఫోటోగ్రాఫర్ తల దించుకుని ఉంటారు, చూపు చూపు కలవదు. మీ కెమెరా స్క్రీన్ పైకి మడిచేదైతే అదే పని చేస్తుంది.

ఇంకో మాట. దాక్కుంటూ తీసేవాళ్ళే తొందరగా దొరుకుతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అటూ ఇటూ చూసి, స్తంభం చాటు నుంచి లెన్స్ మాత్రం బయటపెట్టి తీస్తే ఎవరికైనా అనుమానం రాదా? ఎరిక్ సాలమన్ అని జర్మనీలో ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1928లో బెర్లిన్ కోర్టులో హత్య కేసు విచారణ జరుగుతుంటే టోపీలో కెమెరా దాచి తీశారు. దాచడంలో ఆయన ఘనుడే. కానీ తర్వాత దౌత్యవేత్తల సమావేశాల్లోకి వెళ్ళినప్పుడు ఆయనకి అక్కరకొచ్చింది సూటూ, నడతా. వాళ్ళలాగే విందు దుస్తులు వేసుకుని, వాళ్ళలాగే మాట్లాడుతూ వాళ్ళ మధ్య కూర్చునేవారు. ఇటు అమెరికన్ ఫోటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ వీధుల్లో 28 ఎంఎం వైడ్ లెన్స్‌తో మనుషులకి అడుగుల దూరంలో నిలబడి తీశారు, దాపరికం లేకుండా. ఆయన్ని చూడనివాళ్ళు ఉండరు. చూశాక ఏం చేయాలో తోచేలోపు ఆయన ముందుకి వెళ్ళిపోయేవారు.

అసలు కనబడకపోవడం ఎందుకు కావాలి అనేది ఎవరికి వాళ్ళు వేసుకోవాల్సిన ప్రశ్న. మనుషులు సహజంగా ఉన్నప్పుడు తీయాలని అయితే అర్థం చేసుకుంటాను. అడిగితే వద్దంటారని తెలిసి, ఆ "వద్దు" వినకుండా తప్పించుకోవడానికైతే, నాకు ఆ పని నచ్చదు. అలాంటివాళ్ళకి నా దగ్గర చిట్కాలేమీ లేవు. ఈ మాట ఇంతటితో వదిలేస్తాను.

వెండి కెమెరాకి ఒక లాభం ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. పెద్ద నల్ల కెమెరా, పెద్ద నల్ల లెన్స్ చూస్తే "ఏ పేపర్? ఏ ఛానెల్? ఎక్కడ వేస్తారు?" అని అడుగుతారు. చిన్న వెండి కెమెరా చూస్తే, ఎవరో సరదాకి తీసుకుంటున్నారులే అని వదిలేస్తారు. కనబడింది, కానీ భయపెట్టలేదు. వీధిలో పనిచేసేవాళ్ళకి చాలాసార్లు కావాల్సింది ఇదే. దీనికి పరిమాణం ముఖ్యం, రంగు దాని వెనకే వస్తుంది.

మరి నలుపు నిజంగా పనికొచ్చే చోట్లు? మొదటిది అద్దాలు. మ్యూజియంలో గాజు పెట్టెల్లో ఉన్నవి తీస్తున్నారు, లేదా నిగనిగలాడే పాత ఫోటోని పైనుంచి కాపీ తీస్తున్నారు. అప్పుడు వెండి పైకప్పు ప్రతిబింబం ఆ గాజులో స్పష్టంగా పడుతుంది. ఇక్కడ నలుపు తప్పనిసరి. నల్ల బట్టకి మధ్యలో లెన్స్ పట్టేంత కన్నం చేసి కెమెరా ముందు కట్టేవాళ్ళున్నారు, చాలా మంచి పద్ధతి. 1962లో అమెరికన్ వ్యోమగామి వాల్టర్ షిరా తన మెర్క్యురీ అంతరిక్ష ప్రయాణానికి హాసెల్‌బ్లాడ్ 500సి కెమెరా తీసుకెళ్ళినప్పుడు, దాని తోలు ఊడదీసి నల్ల రంగు వేయించారు. వ్యోమనౌక కిటికీ అద్దంలో కెమెరా ప్రతిబింబం పడకుండా. తమాషా ఏమిటంటే, 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీదకి తీసుకెళ్ళిన హాసెల్‌బ్లాడ్ మాత్రం వెండి రంగు. అక్కడ అద్దం గొడవ లేదు, కాల్చేసే ఎండా, గడ్డకట్టించే నీడా ఉన్నాయి, కెమెరా వేడి అదుపులో ఉండాలి. ఒకే కంపెనీ, ఒకే అంతరిక్షం, పనిని బట్టి రంగు.

రెండోది నాటకాలు, నాట్యం, కచేరీలు జరిగే చీకటి హాలు. స్టేజీ లైటు అంచు నుంచి కొట్టినప్పుడు వెండి కెమెరా వెలుగుతుంది, వేదిక మీద ఉన్నవాళ్ళకి అది చిరాకు. అక్కడ నల్ల కెమెరా, నల్ల బట్టలు మర్యాద. యుద్ధభూమిలో మెరుపు ప్రాణాల మీదకి తెస్తుంది, అది వేరే చెప్పక్కర్లేదు. పక్షులూ జంతువుల దగ్గరైతే కదలిక, ఆకారం, వాసన ముందుంటాయి.

నేను చెప్పాల్సింది అయిపోయింది, ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: క్రీడల్లో వాడే పెద్ద కానన్ లెన్సులు తెల్లగా ఉంటాయి కదా, కనబడాలనేనా?)

కాదండి, వేడి కోసం. వాటిలో కొన్నిటికి ఫ్లోరైట్ స్ఫటికంతో చేసిన కటకాలుంటాయి. వేడికి ఫ్లోరైట్ వ్యాకోచిస్తుంది, ఫోకస్ మీద ప్రభావం పడుతుంది. గంటలకొద్దీ మైదానంలో ఎండలో ఉంటాయి కాబట్టి లేత రంగు వేశారు. తర్వాత అదే వాళ్ళ గుర్తు అయిపోయింది, ప్రచారానికీ పనికొచ్చింది.

(ప్రశ్న: లైకా కెమెరా ముందుండే ఎర్రచుక్క గుర్తు, కంపెనీ పేర్లు కప్పేయమంటారు కొందరు. లాభం ఉందా?)

దొంగల నుంచి కొంత ఉండొచ్చు. ఎర్రచుక్క లేని మోడళ్ళు లైకానే చేస్తుంది, 2011 నాటి ఎం9-పి, 2018 నాటి ఎం10-పి అలాంటివి. ఆ రెండోదాంట్లో షట్టర్ చప్పుడు కూడా బాగా తగ్గించారు, నన్నడిగితే అసలు మెచ్చుకోవాల్సింది దాన్ని. ఇక మీరు చుక్క కప్పే ముందు మెడ చూసుకోండమ్మా. కెమెరాతో పాటు ఇచ్చిన స్ట్రాప్ మీద కంపెనీ పేరు పసుపు అక్షరాల్లో జానెడు పొడవున ఉంటుంది. దాన్ని తీసేసి పేరు లేని సన్నటి స్ట్రాప్ వేసుకోండి. ఇవాళ నేను చెప్పినవాటిలో అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది.

(ప్రశ్న: నా దగ్గర వెండి కెమెరా ఉంది. స్టేజీ ప్రోగ్రాములు కూడా తీస్తాను. టేపు వేయమంటారా?)

ప్రోగ్రాములకైతే వెయ్యండి. కరెంటు పనివాళ్ళు వాడే ప్లాస్టిక్ టేపు మాత్రం వద్దు. అది మెరుస్తుంది, పైగా ఎండకి జిగురు కారి వేళ్ళకి అంటుకుంటుంది. సినిమా, స్టేజీ వాళ్ళు వాడే గుడ్డ టేపు దొరుకుతుంది, గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది, ఊడదీస్తే మరక మిగలదు. పైకప్పు అంచులకీ, ముందు భాగానికీ చాలు. మైకు రంధ్రాలు కప్పొద్దు. వ్యూఫైండర్ పక్కన కన్ను దగ్గరికొచ్చిందని పసిగట్టే చిన్న సెన్సార్ ఉంటుంది, దాని మీద టేపు పడితే వెనక స్క్రీన్ ఆరిపోయి కెమెరా చెడిపోయిందని కంగారు పడతారు. ప్రోగ్రాం అయ్యాక ఆ రాత్రే పీకేయండి, నెలల తరబడి ఉంచితే ఎంత మంచి టేపైనా జిగురు వదులుతుంది.